ఏ ఏజెన్సీ సంగతండీ?

ఇలా మంట దగ్గరకి జరగండి. ధనుర్మాసం వచ్చిందంటే మా రోలుగుంట వైపు పొద్దుగూకకముందే చలి మొదలవుతుంది. కొండల మీంచి దిగి వచ్చే చలి అది. ఏటా ఈ రోజుల్లో పేపరు జిల్లా పేజీ తిప్పితే ఒకే తరహా వార్త కనిపిస్తుంది: ఏజెన్సీ వణికిపోతోందని. చదవగానే మీకు లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు కళ్ళ ముందుకి వచ్చేస్తాయి. ఇక విడమర్చి చెప్పే పని లేదు. అదే వార్తని ఇంగ్లీషే తల్లిభాషగా ఉన్నవాళ్ళకి చెప్పి చూడండి. ఒక ఆఫీసు ఎందుకు వణుకుతుందా అని తెల్లబోతారు. వాళ్ళ భాషలోంచి వచ్చిన మాటే, వాళ్ళకి తెలియని అర్థంతో మన నోట్లో కాపురం పెట్టింది.

ఇవాళ ఆ ఒక్క మాట గురించే కబుర్లు చెప్పుకుందాం. నాకు ఆ మాటంటే చాలా పట్టింపు. ఎందుకో నిదానంగా చెప్తాను.

ముందు ఊళ్ళో వినపడేవి చూద్దాం. ఎవరైనా ఏజెన్సీ తీసుకున్నాడంటే ఎరువులదో, సిమెంటుదో, పురుగుమందులదో కంపెనీ సరుకు అమ్మే హక్కు తెచ్చుకున్నాడని. ఏజెన్సీకి ఫోన్ చెయ్యి అంటే గ్యాసు బండ కోసం. ఆసుపత్రిలో ఊడ్చే అమ్మాయికి జీతం రాలేదంటే, ఇంకా ఏజెన్సీ వాళ్ళు వెయ్యలేదండీ అంటుంది. అక్కడ ఏజెన్సీ అంటే మనుషుల్ని పనికి కుదిర్చి, వాళ్ళకీ ఆసుపత్రికీ మధ్య నిలబడే కాంట్రాక్టు సంస్థ. పని చేయించుకునేవాడు ఒకడు, జీతం ఇచ్చేవాడు ఇంకొకడు. జీతం ఆలస్యమైతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఈ అర్థం మా చిన్నప్పుడు లేదు, ఇప్పుడు ఇంటింటా ఉంది.

ఏజెంటు సంగతికి వస్తే ఇంకా పెద్ద సంత. ఎల్ఐసీ ఏజెంటు ఉన్నాడు, పెళ్ళిళ్ళలో ఆయన పక్కన కూర్చోడానికి కొందరు భయపడతారు. గల్ఫుకి పంపిస్తానని పాస్‌పోర్టులు పట్టుకుపోయే ఏజెంటు ఉన్నాడు, అతని దగ్గర నిజంగా భయపడాలి. ఎన్నికల రోజు బూతులో ఓటర్ల జాబితా ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన ప్రతి మొహానికీ ఒక టిక్కు పెట్టే పోలింగ్ ఏజెంటు ఉన్నాడు. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసిన 17సి ఫారం కాపీ చేతికి అందేదాకా అతను కుర్చీ వదలకూడదు. మనవాడు ఏజెంటు కూర్చున్నాడు అంటాం చూడండి, ఏజెంటుగా కాదు, ఏజెంటే కూర్చున్నాడు. సినిమా ఏజెంట్లు సరే సరి. కృష్ణ ఏజెంట్ గోపి నుంచి మొన్నటి నెల్లూరు ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ దాకా వాళ్ళందరూ నేరగాళ్ళ వెంటపడేవాళ్ళే.

మా జిల్లాలో అందరికంటే బరువైన ఏజెంటు మాత్రం అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఉంటాడు. కమీషన్ ఏజెంటు. చెరకుని చక్కెర ఫ్యాక్టరీకి తోలని రైతు గానుగాడించి బెల్లం వండుతాడు. దిమ్మలు బండెక్కించి తీసుకెళ్ళేది ఆ కొట్టుకే. ఎందుకంటే పంటకి ముందు మదుపు ఇచ్చింది ఆ కొట్టే. కూతురి పెళ్ళికి సర్దిందీ ఆ కొట్టే. రంగు చూసి ధర పాడే వేళ రైతు తరఫున నిలబడేది ఆయనే, తన బాకీ తరఫున నిలబడేదీ ఆయనే. ఒకరి తరఫున పని చేసేవాడు ఏజెంటు అని ఇంగ్లీషు నిఘంటువులు చెప్తాయి. ఆ ఒకరు ఎవరు అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నని కాస్త గుర్తు పెట్టుకోండి, కొండెక్కేటప్పుడు కావాలి.

ఇన్ని అర్థాలున్నా సాధారణంగా మనం తికమకపడం. కానీ నర్సీపట్నం బస్సులో ఒకసారి విన్న మాటలు చెప్పకుండా ఉండలేను. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు.

“ఏజెన్సీ నుంచి వచ్చిందేటి వదినా?”

“ఎక్కడ వచ్చింది! ఫోను చేస్తే రేపు, మాపు అంటన్నారు.”

“అయ్యో, ఒంట్లో ఎలాగుందో కనుక్కోకపోయావా? అక్కడ జ్వరాలంట కదా.”

“బండకి జ్వరమేటి?”

ఒకావిడ అడిగింది చింతపల్లి వైపు టీచరుగా చేస్తున్న కూతురి గురించి. రెండో ఆవిడ చెప్పింది గ్యాసు బండ గురించి. తెలుగు క్రియ కూడా ఇక్కడ సాయం చెయ్యదు, ఆడమనిషికీ వస్తువుకీ కూడా ‘వచ్చింది’ ఒకటే కదా. కొడుకైతే మొదటి మాటకే తేలిపోయేది. బస్సంతా నవ్వింది, వాళ్ళిద్దరూ అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఇప్పుడు అసలు కథ. కొండలకి ఈ పేరు ఎలా వచ్చింది?

విశాఖపట్నం, గంజాం జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన తర్వాత కొండల్లో పాలన వాళ్ళకి కుదిరింది కాదు. పర్లాకిమిడి వైపు, పాలకొండ వైపు జమీందార్లు తిరగబడ్డారు. ఘుమ్‌సూర్‌లో 1835 నుంచి యుద్ధమే జరిగింది. మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆయన తిరిగి చూసి రాసిన సలహా సారాంశం ఇది: మైదానంలో నడిచే కోర్టులు, రెవెన్యూ నిబంధనలు కొండల్లో పెట్టకండి, అక్కడ సర్వాధికారాలూ ఒక్క కలెక్టరు చేతిలో ఉంచండి. ఆ సలహా మీద వచ్చిందే 1839 నాటి 24వ చట్టం. దాని ప్రకారం కొండ ప్రాంతాల్లో కలెక్టరు మామూలు కలెక్టరు కాదు, మద్రాసు గవర్నరుకి ఏజెంటు. శిస్తు ఆయనదే, శిక్ష ఆయనదే, సివిలు తగాదా తీర్పూ ఆయనదే. ఆ ఏజెంటు ఏలుబడిలో ఉన్న నేల ఏజెన్సీ.

అంతే సంగతి. గొప్ప కవితాత్మకమైన కారణం ఏదీ లేదు. ఆ పేరులో కొండ లేదు, అడవి లేదు, కొండదొర లేడు, భగత లేడు, కోదు లేడు. దూరాన మద్రాసు కోటలో కూర్చున్న గవర్నరు ఉన్నాడు, ఆయన తరఫు మనిషి ఉన్నాడు. ఎవరి తరఫున అన్న ప్రశ్న గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. ఏజెంటు గవర్నరు తరఫున కొండల మీద పని చేశాడు. కొండల తరఫున గవర్నరు దగ్గర పని చేసేవాడికి ఆ చట్టంలో చోటు లేదు.

మొదట్లో ఈ ఏజెన్సీ మనం అనుకునే ఏజెన్సీ కంటే చాలా పెద్దది. విశాఖపట్నం జిల్లాలో అత్యధిక భాగం అందులోనే ఉండేది. 1863లో మైదానపు ఎస్టేట్లని చాలావరకు తప్పించేశారు. అంటే ఏజెన్సీ అన్నది ప్రకృతి గీసిన హద్దు కాదు. పరిపాలకుల సౌకర్యం కొద్దీ ముందుకీ వెనక్కీ జరిగిన గీత. కొండలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

మనకి మన్యం అన్న చక్కటి మాట ఎప్పుడో ఉంది. అయినా ఏజెన్సీ దాన్ని పక్కకి నెట్టింది. అల్లూరిని మాత్రం మన్యం వీరుడు అనే అన్నాం, ఏజెన్సీ వీరుడు అనలేదు. జనం చెవికి ఆ తేడా తెలుసు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు కూడా పార్వతీపురానికి మన్యం అనీ, పాడేరు కేంద్రంగా ఉన్నదానికి అల్లూరి సీతారామరాజు అనీ పేర్లు పెట్టారు. ఏజెన్సీ జిల్లా అని ఎవరూ పెట్టలేదు, పెట్టమని అడగలేదు. ఆ రోజే మా రోలుగుంట విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

ఈ కొండలు ఇంగ్లీషు మాటకి కొత్త అర్థం ఇచ్చినట్టే, ఇంకో రెండు మాటల్ని కూడా మార్చేశాయి. పితూరీ అంటే ఇవాళ ఏమిటి? పిల్లలు ఒకరి మీద ఒకరు అమ్మతో చెప్పే చాడీ. కానీ రంప పితూరీ అంటే తిరుగుబాటు. ప్రభుత్వ కాగితాల్లో కొండ తిరుగుబాట్లన్నీ పితూరీలే. ప్రాణాలొడ్డి చేసిన పోరుకీ పెరట్లో చాడీకీ ఒకే పేరు మిగిలింది. ముఠా కూడా అంతే. ఇవాళ ముఠా అంటే దొంగలో, కక్షలు కట్టినవాళ్ళో. గూడెం, రంప కొండల్లో ముఠా అంటే కొన్ని ఊళ్ళ కట్ట. దాని పెద్ద ముఠాదారు. శిస్తు వసూలు, ఊరి మంచిచెడ్డ ఆయనవి. 1969లో ముఠాల రద్దు రెగ్యులేషన్ వచ్చేదాకా ఆ పద్ధతికి చట్టంలో చోటుంది. మాట పరువు పోయాక ఆ వ్యవస్థని తెలియనివాళ్ళు చరిత్ర పుస్తకంలో ముఠాదారు అని చదివి దొంగల నాయకుడేమో అనుకుంటున్నారు. అది నాకు బాధగా ఉంటుంది.

అల్లూరి దాకా వచ్చాం కాబట్టి రోడ్డు గురించి చెప్పాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాటు రోడ్డు మీద మీరు మంచు చూడ్డానికి కార్లో వెళ్ళే ఉంటారు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరతారు జనం. ఆ రోడ్డు పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో జరిగింది. కొండవాళ్ళ చేత గిట్టని కూలికి వెట్టిలాగా చేయించాడని అతని మీద జనం మండిపడ్డారు. భూమి పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఆ మంట కూడా కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లలో తుపాకులు తీసుకుపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని పట్టుకుని కాల్చేశారు. ఆ ఏడే గంటందొరా పోలీసుల చేతిలో చనిపోయాడు. కొండల్లో సివిలు న్యాయం ఎలా నడవాలో చెప్పే ఏజెన్సీ రూల్స్ కూడా 1924వే. ఆ రూల్స్ పేరు ఇప్పటికీ కోర్టుల్లో వినపడుతుంది. భూమి తగాదాల్లో కలెక్టరు ఇప్పటికీ ‘ప్రభుత్వ ఏజెంటు’ హోదాలో కూర్చుంటాడు. గవర్నరు పోయి ప్రభుత్వం వచ్చింది, ఏజెంటు మిగిలాడు.

మల్లుదొర పట్టుబడి జైలు శిక్ష అనుభవించి బతికి బయటపడ్డాడు. 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచి ఢిల్లీ వెళ్ళాడు. విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఏజెన్సీ అన్న మాటని ఇంకో అర్థంలో వాడుతున్నారు: మనిషి తన బతుకుని తాను నడుపుకునే శక్తి. స్త్రీల ఏజెన్సీ, దళితుల ఏజెన్సీ అని వ్యాసాల్లో చూస్తుంటాం. తెలుగులో కొందరు కర్తృత్వం అంటున్నారు. నాకు ఆ అర్థం వివరించమంటే గాం మల్లుదొర పేరు చెప్తాను. ఏజెంటు ఏలే కొండలో పుట్టి, ఏజెంటు మీద తిరగబడి, చివరికి తన వాళ్ళ తరఫున తానే వెళ్ళి చట్టాలు చేసేచోట కూర్చున్నాడు. ఆ ఎన్నికల కథని మన పిల్లల పాఠాల్లో కూడా చేర్చాలి. అల్లూరి విగ్రహం ఊరూరా ఉంది, సంతోషం. ఆయన పక్కన నిలబడిన ఈ అన్నదమ్ముల పేర్లు ఎంతమంది చెప్పగలరు?

ఈ రకం ఏజెన్సీ మనకొక్కరికే దక్కిందనుకోకండి. అమెరికాలో ఆదివాసుల్ని రిజర్వేషన్లలో పెట్టినప్పుడు వాళ్ళ మీద ప్రభుత్వం ఏజెంట్లని పెట్టింది, ఆ ఏజెంటు ఉండే ఊరు ఏజెన్సీ అయింది. దక్షిణ డకోటాలో లకోటా జనం ఉన్న పైన్ రిడ్జ్ అలాంటిదే. అటు వాయవ్య సరిహద్దులో ఖైబర్ ఏజెన్సీ, కుర్రం ఏజెన్సీ అని పొలిటికల్ ఏజెంట్ల చేతి కింద నడిచాయి. దేశం విడిపోయాక పాకిస్తాన్ కూడా అదే పద్ధతి కొనసాగించి, 2018లో వాటిని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో కలిపి జిల్లాలుగా మార్చింది. ఎక్కడ చూసినా వరస ఒకటే: మామూలు చట్టం వద్దనుకున్న చోటల్లా ఏజెంటుని పెట్టారు. మన దగ్గర మాత్రం ఆఫీసుకి పెట్టిన పేరు నేలకి అంటుకుని, నేల పేరుగానే మిగిలిపోయింది. చింతపండుకి, పసుపుకి, అడ్డాకులకి, కొండచీపుళ్ళకి కూడా అంటుకుంది. ఏజెన్సీ సరుకు అంటే నాణ్యమైనది అని సంతలో గొంతు పెంచి అమ్ముతారు.

ఇంకో విశేషం వినండి. ఉట్నూరు, ఏటూరునాగారం అడవుల్ని కూడా ఇప్పుడు ఏజెన్సీ అంటున్నాం. అవి నిజాం రాజ్యంలోవి. అక్కడ మద్రాసు గవర్నరు ఏజెంటు ఏనాడూ లేడు. రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రంలో కలిసి ఉన్న కాలంలో మాట కొండలు దాటి, గోదావరి దాటి వెళ్ళి, అక్కడి గోండు, కోయ గూడేల మీద కూడా వాలింది. ఆదిలాబాదు ఆయన నోట ఏజెన్సీ అని వింటే నాకు మా ఇంటి సామాను ఎవరింట్లోనో చూసినట్టు ఉంటుంది.

ఇక స్వాతంత్య్రం తర్వాత సంగతి. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఈ ప్రాంతాల్ని కాపాడాలంది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు పాత ఏజెన్సీ గీతల్నే చాలావరకు తీసుకుని షెడ్యూల్డ్ ప్రాంతాలు ప్రకటించింది. ఇక్కడ మాట బతుకు పూర్తిగా తిరగబడింది. దొరలు తమ సౌకర్యానికి గీసిన గీత, కొండవాళ్ళకి కంచె అయింది. 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1970 నాటి 1వ రెగ్యులేషన్, జనం నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ, గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా అడ్డం నిలిచాయి. శ్రీకాకుళం కొండలు భగ్గుమన్న రోజుల్లో వచ్చింది అది. 1996లో గ్రామసభకి బలం ఇచ్చిన పెసా చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతాలకే. 1997 జులైలో సుప్రీం కోర్టు సమతా కేసులో తీర్పు ఇచ్చింది. బొర్రా వైపు గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వరాదంది. ఒకప్పుడు చట్టం బయట పెట్టడానికి పుట్టిన పేరు, ఇప్పుడు చట్టం నీడకి గుర్తు.

నీడ ఎక్కడ ఆగిపోతుందో చూడాలంటే మా రోలుగుంట రావాలి.

మండల కేంద్రం చదునునేల మీద, చెరకు, వరి చేలల మధ్య ఉంది. శాసనసభకి చోడవరం నియోజకవర్గం. బి.ఎన్. రోడ్డు మీద భీమిలి వైపు నుంచి చోడవరం, వడ్డాది దాటి నర్సీపట్నం వెళ్ళేవాళ్ళకి ఈ మండలం దారిలో తగులుతుంది. ఎవరిని అడిగినా మాది ఏజెన్సీ కాదండీ, మైదానం అంటారు. మండలం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు, నిజమే. కానీ తల పైకెత్తి కొండల వైపు చూడండి. అర్ల పంచాయతీలో లోసింగి లాంటి ఊళ్ళు ఆ కొండల మీద ఉన్నాయి. ఉన్నది కొండదొర, కోదు కుటుంబాలు. పోడు వాళ్ళదే, చలి వాళ్ళదే, జ్వరమూ వాళ్ళదే. కొండకి అవతల వాలు ఏజెన్సీ, ఇవతల వాలు కాదు. ప్రభుత్వ భాషలో వీటిని నాన్ షెడ్యూల్డ్ గిరిజన గ్రామాలు అంటారు. మాదొక్కటే కాదు, నాతవరం, గొలుగొండ, రావికమతం, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలాల కొండ అంచుల్లో ఇలాంటి ఊళ్ళు వరసగా ఉన్నాయి.

ఈ ఊళ్ళ పేర్లు పేపర్లో డోలీ మోతతోనే కనిపిస్తాయి. ఫొటోలో చూడ్డం వేరు, దగ్గరగా చూడ్డం వేరు. బలమైన కర్ర ఒకటి, దానికి దుప్పటి రెండు కొసలా ముడేసి కడతారు. అందులో నెలలు నిండిన మనిషో, జ్వరంతో తెలివి తప్పిన ముసలాయనో. ఇద్దరు మోస్తారు, భుజం మార్చడానికి ఇంకో ఇద్దరు పక్కన నడుస్తారు. ఎక్కుడు కంటే దిగుడు కష్టం. బండల మీద కాలు జారకుండా ముందున్నవాడు కర్రని భుజం మీంచి చేతుల్లోకి ఎత్తి పట్టుకుంటాడు, వెనకున్నవాడు నడుం వంచి కిందకి దించుతాడు. లోపల మనిషి జారిపోకూడదు కదా. ముడి దగ్గర దుప్పటి ఒరుసుకుని కిర్రుమంటుంది. మాటలుండవు, ఊపిరి లెక్క చూసుకుంటూ దిగుతారు. కింద రోడ్డు మీద అంబులెన్సు ఆగి ఉంటుంది, ఉంటే. ఇలాంటి మోతలు కొండకి అవతల ఏజెన్సీలోనూ ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. కానీ అక్కడ అడగడానికి ఒక చట్టం, పట్టుకోవడానికి ఒక పేరు ఉన్నాయి. ఇవతల వాలు మీద వన్ ఆఫ్ సెవెంటీ లేదు, పెసా లేదు, సమతా తీర్పు నీడ పడదు. 2006 అటవీ హక్కుల చట్టం రెండు వాలులకీ వర్తిస్తుంది, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పథకాలు కొన్ని ఇటూ వస్తాయి. భూమి దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఈ ఊళ్ళకి కంచె లేదు.

అందుకే ఈ ఊళ్ళవాళ్ళు మమ్మల్ని షెడ్యూల్డ్ ప్రాంతంలో కలపండి అని అడుగుతున్నారు. తాతలు ఏ ఏజెంటు మీద తిరగబడ్డారో, ఆ ఏజెన్సీలోకే రానివ్వమని మనవలు అర్జీలు పెడుతున్నారు. నాకు ఇందులో వింత కనపడదు, వివేకం కనపడుతుంది. పేరు ఎవరు పెట్టారన్నది పాత సంగతి. పేరుతో పాటు ఏమి వస్తోందన్నది ఇవాళ్టి అవసరం.

కలపడానికి అడ్డేమిటి అంటారా? కొలబద్దలున్నాయి. 1960లో వేసిన ఢేబర్ కమిషన్ చూడమన్నవి: గిరిజన జనాభా ఎక్కువగా ఉండాలి, ప్రాంతం ఒక్క కట్టుగా, చెప్పుకోదగ్గ విస్తీర్ణంలో ఉండాలి, పాలనకి వీలైన యూనిట్ అయ్యుండాలి, వెనకబడి ఉండాలి. మా మండలాన్ని మొత్తంగా లెక్క తీస్తే గిరిజనులు తక్కువ, కాబట్టి కుదరదు. కొండ మీద ఊరిని విడిగా లెక్క తీస్తే ఊరంతా వాళ్ళే. పైనున్న గూడేన్ని కింద మైదానపు ఊళ్ళతో కలిపి లెక్క కట్టినంత కాలం ఆ ఊరు ఏ జాబితాకీ ఎక్కదు.

ఊరు ఊరుగా చూడ్డం కుదరదని మాత్రం ఎవరూ చెప్పకూడదు. మన షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వు పాఠం తీసి చూడండి. విశాఖపట్నం ఏజెన్సీ అంతా అని రాసి, కొన్ని గ్రామాలు మినహా అని పేరు పేరునా రాశారు. ఆ మినహాయింపుల్లో కృష్ణదేవిపేట ఉంది. అల్లూరి స్టేషను మీద పడిన ఊరు, ఇప్పుడు ఆయన సమాధి ఉన్న ఊరు, మా పక్క గొలుగొండ మండలంలోదే. గొలుగొండపేట ఉంది. అన్నిటికంటే ముందు ఏజెన్సీ లక్ష్మీపురం అనే ఊరు ఉంది. పేరులోనే ఏజెన్సీ ఉంది, ఊరు మాత్రం ఏజెన్సీలో లేదు. ఆ పేరు మీద వేలు పెట్టి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను.

పేరు పేరునా తీసెయ్యడం ఒకప్పుడు కుదిరింది కదా, పేరు పేరునా చేర్చడమూ కుదరాలి. దానికి రాజ్యాంగం మార్చక్కర్లేదు. ఐదో షెడ్యూలు 6వ పేరాకి 1976లో చేసిన సవరణ, గవర్నరుతో సంప్రదించి షెడ్యూల్డ్ ప్రాంతాన్ని పెంచే అధికారం రాష్ట్రపతికి ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం గ్రామాన్నే యూనిట్‌గా తీసుకుని సర్వే నంబర్లతో, జనాభా లెక్కలతో జాబితా తయారు చేసి పంపాలి. ఆ జాబితాలో అర్ల కొండ మీది ఊళ్ళు ఉండాలి.